కొట్టే ముందు చెప్పాలి

ఆదివారం మధ్యాహ్నం

నాన్నకు, మీ చిన్న కూతురు ఎస్తేరు వందనాలు చెప్పి రాస్తున్నది.

దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? గేదె ఈనిందా? దానియేలు అన్న రైసుమిల్లు పనికి పోతున్నాడా? పోయిన ఉత్తరంలో మీరు వీటిలో ఒక్కటీ రాయలేదు. "బడిలో క్రమశిక్షణ ఎట్లా ఉంది, బెత్తం పనికొచ్చిందా" అని మాత్రం అడిగారు. పనికొచ్చింది నాన్నా. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు నా సంగతులు. మధిరలో మీరు రైలెక్కించిన మర్నాటికి చేరాను. భద్రాచలంలో బస్సు దిగాక జీపులో ఇంకా గంటన్నర అడవి. ఆశ్రమ పాఠశాల అంటే రెండు రేకుల షెడ్లు, ఒక వంటకొట్టం, పక్కన నా గది. వానలు మొదలయ్యాయి. గోదావరి ఎర్రబడిందని జీపువాళ్లు చెప్పుకుంటున్నారు. ఆదివారం పోవడానికి చర్చి లేదు. గదిలోనే నాకొచ్చిన రెండు కీర్తనలు పాడుకుంటే పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వుతారు. నవ్వేవాళ్లు, అనాలి. తిండికి లోటు లేదు, నేను బాగానే ఉన్నాను, అమ్మను దిగులు పడవద్దనండి.

బడి తెరిచిన రెండు వారాలకు, నేను చేరిన రోజే హెడ్మాస్టరు పద్ధతి చూశాను. వేసవి సెలవుల తర్వాత ఆలస్యంగా వచ్చిన ఆడపిల్లలను వరసగా నిలబెట్టి, ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని దెబ్బలు. పచ్చి చింతబరికె. ఒకటి విరిగితే ఇంకొకటి తెప్పించాడు. పదకొండు రోజులు ఆలస్యమైన ఒక పిల్ల ఆరో దెబ్బకే లంగా తడుపుకుంది. మిగతా అయిదూ ఆ తడిలోనే నిలబెట్టి కొట్టాడు. "మొదట్లో భయం పెడితే ఏడాదంతా సుఖం అమ్మా" అన్నాడు. పెట్టెలో మీ బెత్తాన్ని పేపరులో చుట్టి పెడుతూ మీరన్న మాటే, అక్షరం పొల్లుపోలేదు.

నాకు ఒళ్లు మండింది. నా అయిదో తరగతి పిల్లల ముందు పెద్ద గొప్పగా నిలబడ్డాను. "ఈ ఏడు నా తరగతిలో దెబ్బలుండవు. మీరెట్లా ఉండాలో నేను చెబుతాను, నేనెట్లా ఉండాలో మీరు చెప్పండి" అన్నాను. చివరికి కిటికీ పక్కన కూర్చున్న జోగి అనే పిల్ల తన కోయభాషలో ఏదో అంది. పక్క పిల్ల తెలుగులో చెప్పింది:

"కొట్టే ముందట చెప్పాల్నంట టీచర్. కండ్లు మూసుకుంటదంట."

నేను నవ్వాను నాన్నా. "నేను అసలు కొట్టనే కొట్టనే పిచ్చిదానా" అన్నాను.

తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి నెలలో ప్రతి పిల్లనూ తూకం వేయాలి, ఎవరూ కడుపు మాడ్చుకోకూడదు, ఇంటిమీద బెంగతో పారిపోకుండా చూసుకోవాలి. మంచి ఉత్తర్వే. హెడ్మాస్టరు దాన్ని నా చేతిలో పెట్టి, "ఒక్క పిల్ల తగ్గినా నీ మీదికే వస్తది" అన్నాడు. తూకంలో అందరికంటే తక్కువ జోగి. ఎముకల గూడు. అట్లాంటిది పప్పన్నం ముట్టదు. ఆ వారం మామిడికాయలు బస్తాలకొద్దీ వచ్చాయి గనక రోజూ మామిడికాయ పప్పే. మొదటి రోజు ఉత్తన్నం ఉప్పుతో తింది. రెండో రోజూ అంతే. బతిమాలాను, బుజ్జగించాను, ఎందుకు తినవంటే చెప్పదు. మూడో రోజు మధ్యాహ్నం కంచం పక్కకు నెట్టేసింది. పప్పు నా చీర మీద పడింది. అరవై మంది పిల్లలు చూస్తున్నారు.

గదిలోకి పోయి పెట్టె తీసి మీ బెత్తం తెచ్చాను. పేపరు విప్పడానికి కూడా ఓపిక పట్టలేదు, చింపేశాను. చేతుల మీద కొట్టాను, పిక్కల మీద కొట్టాను. ఆమె ఏడవలేదు. పళ్లు బిగబట్టి నన్నే చూసింది. ఆ చూపుకు నాకు పిచ్చెక్కింది. బెత్తం పారేసి చేత్తో కొట్టాను, చెంప అనుకుని చెవి మీద. పిల్ల పక్కకు పడింది. లేపి, ఆముదం పట్టినట్టు ముక్కు మూసి, నోరు తెరిచిన క్షణంలో పప్పు ముద్ద కుక్కాను. మింగేదాకా దవడ వదల్లేదు. గుటక పడడం నా వేళ్లకు తెలిసింది. గెలిచాననుకున్నాను. నిజం చెబుతున్నాను నాన్నా, ఆ నిమిషం నాకు సంతోషమే వేసింది.

అప్పుడు చూశాను, ఆమె ఎడమ చెవిలోంచి సన్నగా రక్తం.

వంట చేసే ముత్తక్క గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమెదీ కోయగూడెమే. "అయ్యో టీచరమ్మా, ఎంత పని జేసినవ్! ఆళ్ల ఊళ్లె ఇంకా మామిడికాయ పండుగ గాలే. ఊరిపెద్ద సచ్చిపోయిండని ఆపిండ్రు. కొత్తకాయ దేవరకు పెట్టకుండ తింటే ఇంట్ల ఎవలికో ఒకలికి కీడంటరు. గది నీకు ఎట్ల చెప్తది? చెప్తే నువ్వు నవ్వవా?" అంది. అవును, నవ్వేదాన్నే. ఒకసారి నవ్వాను కదా.

మధ్యాహ్నం గంట కొట్టేసరికి జోగి లేదు. ఆమె గూడేనికి రెండు కోసుల నడక, మధ్యలో వాగు. వాన పడుతోంది. నేనూ ముత్తక్కా పడుతూ లేస్తూ పోయాం. దెబ్బలకు పారిపోయిందనే అనుకున్నాను. వాగు దగ్గర అవతలి గట్టు నుంచి జోగి తండ్రి దిగుతున్నాడు. పిల్ల వీపు మీద ఉంది, భుజాన గొడ్డలి. ముత్తక్క నన్ను వెనక్కి లాగి ముందు నిలబడింది.

"కొట్టిన టీచర్ ఎవలు?" అన్నాడు.

"నేనే" అన్నాను. గొడ్డలి దించాడు. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దాన్ని నేలకు ఆనించి, పిల్లను దించుతున్నాడు.

"కొట్టినందుకు రాలే. సార్లు కొడ్తనే ఉంటరు. పిల్ల కొత్తకాయ తిన్నది. తమ్మునికి ఏమన్న అయితదని ఉరికొచ్చి, అందరి ముందట తప్పు ఒప్పుకున్నది. ఇగ దేవరకు కోడిని ఇయ్యాలె. ఆమెనే తింటే మేమిస్తుంటిమి. తినవెట్టింది నువ్వు. నువ్వే వచ్చి ఇయ్యాలె."

పదేళ్ల పిల్ల నాన్నా. చెవిలో రక్తం కారుతుంటే, వాగు దాటి, తప్పు ఒప్పుకోవడానికి పరుగెత్తింది. చెయ్యని తప్పు.

వెళ్లాను. ముత్తక్క ఇచ్చిన కోడిని చంకన పెట్టుకుని ఆ గూడెం పెద్దల ముందు నిలబడ్డాను. మీకు కోపం వస్తుందని తెలుసు. నేను ఎవరికీ మొక్కలేదు, మొక్కమని వాళ్లూ అడగలేదు. "తప్పు పిల్లది కాదు, నాది" అన్నాను. కోడిని తీసుకున్నారు, కీడు పోయిందన్నారు. నేను కదలకుండా నిలబడి, "మరి చెవి మీద కొట్టినదానికి?" అని అడిగాను. ఒక ముసలామె అంది: "గా దెబ్బకు మా దగ్గర దండుగ లేదు బిడ్డా. గది నువ్వే మొయ్యాలె."

మర్నాడు జోగిని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాను. కర్ణభేరి చిరిగిందట. నెల రోజులు నీళ్లు తగలనీయకూడదు. అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు అన్నాడు డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రోజూ గూడేనికి పోయి దూది పెట్టి వచ్చాను. హెడ్మాస్టరు "బండ మీద జారిపడ్డదని రాయి, అయిపోతది" అన్నాడు. నేను కొట్టానని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. తిండి తింటున్నాను, నిద్ర పడుతోంది, అమ్మతో నేను బాగానే ఉన్నానని చెప్పండి.

ఊళ్లో పండుగ చేసి, నిన్ననే జోగిని మళ్లీ బడిలో దించిపోయారు. కిటికీ పక్కనే కూర్చుంది. పేరు పిలిస్తే తల ఎడమకు తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టింది. నేను పాఠం ఆపేసి బయటికి వచ్చేశాను. ఆ తల తిప్పడం నాకు తెలుసు నాన్నా. ఇరవై ఏళ్లుగా మన ఇంట్లో చూస్తున్నాను.

దానియేలు అన్నకు చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవి పోయిందని ఇంట్లో అంటారు. అన్నా అదే అనుకుంటున్నాడు, అప్పటికి వాడికి అయిదేళ్లే. నాకు నాలుగు. కానీ నేను తలుపు వెనకాలే ఉన్నాను. బడి తెరిచిన వారం, కొత్త పలక పగలగొట్టాడని మీరు చెవి మీద కొట్టారు. మీరు ముందుగా చెప్పలేదు, వాడు కళ్లు మూసుకోలేదు. జ్వరం ఆ తర్వాత వచ్చింది. ఇన్నాళ్లూ నేనూ జ్వరమనే అన్నాను. జారిపడిందని రాయమన్నప్పుడు మన ఇల్లే గుర్తొచ్చింది.

మీ బెత్తం ఇక నా దగ్గర లేదు. ముత్తక్క పొయ్యిలో పెట్టాను. దాని మీద పిల్లలకు జావ కాగింది. కోప్పడండి, పడతాను. మీ దగ్గర చదివినవాళ్లు ఇప్పటికీ బజారులో మిమ్మల్ని చూసి చేతులు కట్టుకుంటారు, నాకూ అది గర్వమే. మీ మీద ప్రేమ లేక ఇది రాయడం లేదు.

అమ్మకు, అన్నకు, పాస్టరుగారింట్లో పెద్దలకు నా వందనాలు. జోగి చెవి కోసం అందరూ ప్రార్థన చేయండి. నన్ను దీవించండి. ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఉత్తరం అన్న చేతికి ఇవ్వకండి. వాడు మిల్లు నుంచి వచ్చి అన్నం తిన్నాక, పక్కన కూర్చుని మీ నోటితో మీరే చెప్పండి. కుడివైపు కూర్చోండి నాన్నా.

మీ కూతురు,
ఎస్తేరు