మందుల సంచి కింద, ఆయన పైన

మార్చి 3

చెల్లెలికి కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు కత్తెర పట్టకూడదట. కర్టెన్ల ఆర్డర్లు పేరుకుపోతున్నాయి, వచ్చి ఉండు అక్కా అంది. ఈయన్ని వదిలి మూడు నెలలా అన్నాను. షుగర్ మనిషి, ఏ మాత్ర ఎప్పుడో ఈ రోజుకీ తెలియదు. బావ ఏమన్నా పసిపిల్లాడా, ఉయ్యాలతో సహా తీసుకురా అని వెటకారం చేసింది. ఇద్దరం పది రోజులు వస్తాం, అంతకుమించి కుదరదన్నాను. ఫోన్ పెట్టేసింది.

మార్చి 9

విమాన ప్రయాణానికి సర్దడం అయింది. ఇంట్లో అరలు ఎలాగో సంచులూ అలాగే. కాగితాలన్నీ ఒకదాంట్లో, మందులూ బిస్కెట్లూ ఒకదాంట్లో. ఇందులో నాదేది, నీదేది అని ఆయన అడిగారు. మనిషికొకటి కాదు, రకానికొకటి అన్నాను. ఇరవై ఆరేళ్లుగా నీ స్టోర్‌రూమ్‌లో ఉంటున్నా, ఇంకా బోధపడలేదు అన్నారు.

మార్చి 11, ఉదయం 10:40

విమానం కొత్తది, రెండంతస్తులది. సర్వీసులోకి వచ్చి ఆరు వారాలేనని పక్కసీటు అమ్మాయి చెప్పింది. సీట్లకి ఇంకా కొత్త వాసన. రెక్క మా వీధంత ఉంది. ఇంత బరువు ఎలా లేస్తుందా అనుకుంటుండగానే లేచింది. కడుపులో నీళ్లు కదల్లేదు.

గేటు దగ్గర ఆయన మోకాలి పట్టీ చూసి, కాళ్లు చాపుకోవచ్చని పై అంతస్తులో సీటిచ్చారు. ఒక్కటే ఖాళీ ఉందట. వెళ్లండి అన్నాను. కాగితాల సంచి పుచ్చుకుని మెట్లెక్కారు.

మందుల సంచి నా ఒళ్లోనే ఉండిపోయింది. ఇప్పుడే చూసుకున్నాను.

12:20

పన్నెండింటికి రెండు బిస్కెట్లు పడకపోతే ఆయనకి చెమటలు, వణుకు. రోజూ నేనే చేతిలో పెడతాను. ఇక్కడేమో కుదుపులు, బెల్టు లైటు ఆరడం లేదు. రెండుసార్లు లేచాను. ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లూ కూర్చోబెట్టింది. పైకి ఫోన్ చేసి కనుక్కుంటాను, ఆయన సీటు నంబరెంత అని అడిగింది.

నాకు తెలియదు. అది కాగితాల సంచిలో ఉంది.

1:50

లైటు ఆరగానే పరిగెత్తాను. పైన తల పక్కకి వాల్చేసి ఉన్నారు. భుజం పట్టి కుదిపాను. కళ్లు తెరిచి, ఏమైంది, దిగిపోయామా అన్నారు.

బిస్కెట్లు పన్నెండింటికే తిన్నారట. చొక్కా జేబులోంచి చిన్న రేకు డబ్బా తీశారు. ఈ రోజు మాత్రలు, బిస్కెట్లు, మడత పెట్టిన కాగితం. మందుల పేర్లు, వేళలు, అన్నీ ఆయన చేతిరాతే. ఒక్క తప్పు లేదు. నా గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అప్పటినుంచీ దగ్గరుంచుకుంటున్నారట. నాలుగేళ్లు.

మరి రోజూ పన్నెండింటికి, ఇదిగో, నా బిస్కెట్లేవీ అని కేకేయడం ఎందుకని అడిగాను.

అడక్కపోతే చిన్నబుచ్చుకుంటావని, అన్నారు. కిటికీ వైపు చూస్తూ.

కిందికి వచ్చేశాను. భోజనం చల్లారిపోయింది. మొత్తం తిన్నాను.

4:00

కోపం రావాలి. రాలేదు. ఇక్కడ కిటికీలకి తెరలు లేవు. బటన్ నొక్కితే అద్దమే నల్లబడుతుంది. నాలుగుసార్లు నొక్కి చూశాను.

మార్చి 12

మూడు నెలలూ ఉంటానని చెల్లెలితో చెప్పాను. అది బావ మొహం చూసింది. ఆయన, భేషుగ్గా ఉండమను, నా తిండి నేను చూసుకుంటాను అన్నారు.

అంత వెంటనే అననక్కర్లేదు.

మార్చి 21

ఆయన ఒక్కరే వెళ్లారు.

మధ్యాహ్నం ఇంటి మీదుగా ఒక విమానం కిందుగా వెళ్లింది. రెండు వరుసల కిటికీలు. ఆయనదో, ఇంకోటో. చెయ్యి ఊపేదాన్నే. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది.