అమ్మ పేరుపలక

యోంగ్‌చెన్ అన్నయ్యకు,

నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. అమ్మ పోయినప్పుడు దావో మతం పూజారి ఆమె ఆత్మను పిలిచి నిలిపిన పేరుపలక అరలో లేదు. నాన్న బాప్తిస్మానికి ముందు ఇల్లు శుభ్రం చేయాలంటూ చర్చి సంఘంవాళ్లతో వచ్చి నువ్వే తీసేశావని వదిన చెప్పింది.

నాన్న రోజూ ఆ పలక ముందు టీ పోసేవారు. ఇవాళ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "నాకు బాప్తిస్మం ఇప్పించుకోనీవే, వాడి ముచ్చట నేనెందుకు కాదనాలి? మీ అమ్మను ఎక్కడ పెట్టాడో మాత్రం అడుగు" అన్నారు. ఫోన్ చేస్తే నువ్వేమో, "అమ్మ ఆ చెక్కలో లేదని చెప్పవే. యూనివర్సిటీలో నువ్వు చెప్పే మతాల పాఠాలు ఇవేగా!" అన్నావు.

అవును, ఇవే. తనను నమ్మి పోయినవారిని క్రీస్తు తన దగ్గర ఉంచుకుంటాడనీ, దావో పద్ధతిలోనైతే, పోయినవారిని బతికున్నవాళ్లు పిలుస్తూనే ఉండాలనీ చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. అమ్మ క్రీస్తును నమ్మలేదు. మరి నాన్నకేం చెప్పను? ఏది నిజమో నాకే తెలియదు.

మీ ఇద్దరికీ సర్దిచెప్పి విసిగిపోయాను. ఆదివారం పాస్టర్‌గారిని తీసుకురాకముందే ఒక్కడివే రా. పలక దాచి ఉంటే తెచ్చివ్వు. కాల్చేసి ఉంటే, నాన్న ఎదురుగా కూర్చుని ఆ మాట నీ నోటితోనే చెప్పు. అది విన్నాక కూడా ఆయన తల వంచితే, అప్పుడు ఆ తలమీద బాప్తిస్మం నీళ్లు పోయించు.

నీ చెల్లెలు