ఇస్త్రీకి వేసిన చీర

చిన్నీ,

ఇస్త్రీ చేసే ఆయన తన కూతురి పురుడికి వెళ్ళి నిన్ననే తిరిగొచ్చాడట. సాయంత్రం బట్టలు తెస్తాడు, ఇంట్లో ఉండు. అమ్మ పోయిన సంగతి ఆయనకు తెలియదు. పొద్దున గేటు దగ్గర్నుంచే "అక్కయ్యా, చీరలు!" అని కేకేశాడు. నా చొక్కాలతో పాటు అమ్మ చీర కూడా ఇచ్చి పంపాను.

మనం ఈ ఇంటికొచ్చిన కొత్తలో అమ్మ కొత్త చీర అంచు కాల్చాడాయన. "అన్నం తిన్నావా నాయనా? ఖాళీ కడుపుతో చెయ్యి నిలుస్తుందా?" అంటూ అమ్మ కూర్చోబెట్టి వడ్డించింది. ఆయనకన్నా చిన్నదే అయినా, ఆ రోజు నుంచి అక్కయ్య అయిపోయింది.

నువ్వే మెల్లగా చెప్పు తల్లీ.

నాన్న

వద్దులే, చెప్పకు. కాసేపు ఉండమను, బడి వదలగానే వస్తాను. నేనే చెబుతాను. నాకూ ఎవరితోనైనా అమ్మ గురించి మాట్లాడాలని ఉంది.