గంట మోగలేదని నమ్మకు అన్నయ్యా

షార్జా,
శుక్రవారం.

ప్రియమైన యోహాను అన్నయ్యకు, మరియమ్మ వదినగారికి, ప్రభువు పేరిట మీ తమ్ముడు సామ్యేలు వందనాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. చిన్నిపాపకి దగ్గు తగ్గిందా?

అన్నయ్యా, ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం పూర్తిగా చదవకుండా కంప్రెసర్ దగ్గరికి వెళ్లొద్దు. మన ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా ప్రెషరు హద్దు దాటితే మోగే గంట ఉంది చూడు, అది పనిచెయ్యదు. ఎలా తెలుసునంటావా, చెబుతాను. నాలుగు రోజులుగా భయంతో నాకు ముద్ద దిగడం లేదు.

ఇక్కడ ఎండలు చెప్పలేను. కొళాయి తిప్పితే మరిగిన నీళ్లే. గదిలో అయిదుగురం. రొట్టె, పప్పు, మళ్లీ రొట్టె, పప్పు. ఒక్కోసారి కైకలూరు కొర్రమేను పులుసు గుర్తొచ్చి దుప్పటి కప్పుకుని ఏడుస్తాను. నవ్వకు. కానీ బాగానే ఉన్నాను, వదినగారిని దిగులు పడొద్దని చెప్పు.

నా పని సర్వర్లు చూడడం. అంటే ఆఫీసు లెక్కలూ కాగితాలూ దాచే పెద్ద కంప్యూటర్లు. అవి లైనక్స్ మీద నడుస్తాయి. అది ఎవరైనా విప్పి చూసి మార్చుకోగల ఉచిత ప్రోగ్రాము. ఉచితం కాబట్టి అన్నీ మనమే అమర్చుకోవాలి. లోపల వేడి ఎంత, ఫ్యాన్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, అవి తెరమీద కనబడేలా చెయ్యమని మా మేనేజరు గారు నాకు అప్పజెప్పారు. ఫ్యాన్ ఆగితే నాకు మెయిల్ రావాలి.

మొదటి రెండు సర్వర్లలో ఫ్యాన్ వేగం సున్నా అని వచ్చింది. హడలిపోయి మూత విప్పి చూశాను. ఫ్యాన్లు శుభ్రంగా తిరుగుతున్నాయి! నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌ని లెక్కించడానికి ఒక సెట్టింగు మార్చాలట. మార్చాను, సరైన అంకె వచ్చింది. ఓస్ ఇంతేనా అనుకున్నాను.

మూడోదాంట్లోనూ సున్నా వచ్చింది. సెట్టింగు మార్చినా సున్నాయే. ఊరికే మెయిళ్లు, మెయిళ్లు. విసుగెత్తి, ఆ ఫ్యాన్‌ని పట్టించుకోవద్దని ఫైల్లో ఒక లైను రాసేశాను. మూత మాత్రం విప్పలేదు. ఏం బుద్ధి పుట్టిందో! మెయిళ్లు ఆగాయి. అబ్బ, ప్రశాంతం అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం సర్వర్ల గదిలో కాలిన వాసన. ఆ ఫ్యాన్ నిజంగానే చచ్చిపోయి ఉంది అన్నయ్యా. లోపల ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోయింది. సర్వరు పోయింది. ఈ లైను రాసిందెవరని మేనేజరు గారు అడిగారు. నేనేనండి అన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా చెప్పలేదు.

కానీ నా భయం ఉద్యోగం గురించి కాదు. ఆ లైను చూస్తూ నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. ఇదే పని నేను ఇదివరకే ఒకసారి చేశాను.

నేను ఫ్యాక్టరీలో నీ దగ్గర పనిచేస్తూ ఏలూరులో కంప్యూటర్ కోర్సు చదివిన రోజులు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ గంట గణగణమనేది. ప్రెషరేమీ ఉండేది కాదు, ఉత్తినే మోగేది. ఓ రోజు చదువు సాగక, కోపమొచ్చి, గంట వైరు పీకి ప్యానెల్ బోర్డు వెనక్కి దోపేశాను. పరీక్ష అయ్యాక తగిలిద్దామనుకున్నాను. ఈలోగా వీసా వచ్చింది. మరిచిపోయాను. ఒట్టు, నిజంగా మరిచిపోయాను.

మంగళవారం ఫ్యాక్టరీ ఆఫీసుకి ఫోన్ చేసింది అందుకే. "గంట మోగుతోందా అన్నయ్యా?" అన్నాను.

"అది మోగి రెండేళ్లయిందిరా! మెషిను అంత బాగుంది. నువ్వేం బెంగ పెట్టుకోకు" అన్నావు.

పక్కన ఓనరు గారి గొంతు వినిపించింది: "ఎవరండీ, సామ్యేలేనా? బాగున్నాడాండీ?"

అసలు సంగతి చెప్పనే లేదు. బాగున్నానండీ అని ఫోన్ పెట్టేశాను. అంత పిరికివాణ్ని, అందుకే నోటితో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మెషిను పక్కన నువ్వు రోజుకి పన్నెండు గంటలు నిలబడతావు. గంట నీకు కాపలా అనుకుంటున్నావు. ఆ కాపలాని నేను చంపేశాను. పైపు పగిలి ఆ అమ్మోనియా విషవాయువు బయటికొస్తే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక్కడ పనిచేసే మన భీమడోలు దానియేలు గారు సెలవుకి రేపు విమానమెక్కుతున్నారు. ఈ ఉత్తరం ఇంట్లో ఇవ్వను, ఫ్యాక్టరీకే వచ్చి నీ చేతిలో పెడతానని మాటిచ్చారు. చదవగానే మెషిను ఆపించు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ప్రెషరు మీటరు కూడా మార్పించు. ఓనరు గారు కేకలేస్తే, పీకింది నా తమ్ముడేనని చెప్పు. నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడడం మానెయ్యి. ముందు మెషిను ఆపు.

దానియేలు గారు తిరిగొచ్చేటప్పుడు కాస్త ఎండు రొయ్యల పొడి పంపమని వదినగారిని అడుగుదామనుకున్నాను. ఇప్పుడు అడగడానికి మొహం లేదు. పాస్టరు అయ్యగారికి నా వందనాలు చెప్పు, నా కోసం ప్రార్థన చెయ్యమను. మీ దీవెనలు నాకు కావాలి.

వచ్చే సోమవారం పొద్దున్న పదింటికి ఆఫీసుకి ఫోన్ చేస్తాను. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. రిసీవరు బల్ల మీద పెట్టి, వెళ్లి ఆ గంట మోగించు. నేను వింటాను.

నీ తమ్ముడు,
సామ్యేలు