టైరుకు లేని చిల్లు

మా ఇంటి యజమానురాలికి,

మీ ఆయన పట్టలేని సంతోషంతో రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, వంటింటి గోడ మీది బల్లీ. మీ అక్కయ్య మోకాలు నెమ్మదించిందనీ, నువ్వు వేళకు తింటున్నావనీ తలుస్తాను.

నీ ఉత్తరానికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. నా సైకిలు కొట్టు ఊడ్చిన దుమ్ము ఎదురుగా ఉన్న మన అమ్మాయి సైకిలు కొట్టు వైపు తోశానన్నది నిజమే. కానీ అది "ఇక్కడ వేసిన అతుకు ఊడదు" అని పలక మీద రాసి, సరిగ్గా నా మొహానికి కనబడేలా పెట్టిన తర్వాతే తోశాను. ఇక, "తండ్రీకూతుళ్లు మాట్లాడుకునేదాకా ఆ గడప తొక్కను" అని రాశావు కదా. మాట్లాడిందే! మూడేళ్ల తర్వాత మన అమ్మాయి నాతో మాట్లాడింది! నడివీధిలో, పదిమంది ముందు, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. నా ఆనందం ఏమని చెప్పను!

ఎలా జరిగిందో చెబుతాను, కోప్పడకు. మన వీధి దర్జీ కూడా ఇప్పుడు సైకిలు పంక్చరైతే దాని దగ్గరికే పోతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆ పిల్లకు ఏం పని వచ్చని వెళ్తావయ్యా?" అన్నాను.

"వచ్చో రాదో మీరే పరీక్ష పెట్టండి" అన్నాడు.

పెట్టాను. అతని దగ్గరే సన్నసూది తీసుకుని, అతని సైకిలు వెనక చక్రం ట్యూబు బయటికి లాగి, ట్యూబుకే టైరు ఆనే వైపున ఒక్క పోటు పొడిచి, మళ్లీ లోపల సర్ది పంపాను. తమాషా చూద్దామని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

అది ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్లలో ముంచింది. బుడగ కనబడగానే అతుకు వేయడానికి తొందరపడలేదు. ముల్లు ఇంకా గుచ్చుకుని ఉందేమోనని టైరు లోపల వేళ్లతో తడిమింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ముల్లు లేదు, టైరుకు చిల్లూ లేదు. టైరును దాటకుండా ముల్లు ట్యూబులోకి ఎలా పోతుంది? నలభై ఏళ్లు ఈ పని చేసిన నాకు ఆ మాత్రం తట్టలేదు చూడు! అది దర్జీ వైపు ఒక్క చూపు చూసింది. అంతే, మొత్తం కక్కేశాడు.

ట్యూబు భుజాన వేసుకుని వీధి దాటి వచ్చింది.

"ఏమండీ పెద్దమనిషిగారూ, మీకు వేరే పనీపాటా లేదా?"

"నీకు పని వచ్చో లేదో చూశాను."

"చూడ్డానికి నువ్వెవరు? నేర్పు నాన్నా అని కాళ్లావేళ్లా పడితే, ఆడపిల్లకు ఈ మసెందుకు, లోపలికి పో అన్నావు. కిటికీలోంచి చూసి నేర్చుకున్నా. ఇప్పుడొచ్చాడండీ పరీక్షలు పెట్టడానికి, సూది పట్టుకుని! సిగ్గులేదూ? గుచ్చింది నువ్వే, అతుకూ నువ్వే వెయ్యి. నేను చూస్తా."

ట్యూబు నా ఒళ్లోకి విసిరింది.

ఇక్కడ నీకు ఇన్నాళ్లూ దాచింది చెప్పాలి. మన గిరాకీనంతా అది లాక్కుందని నీతో ఎన్నిసార్లో అన్నాను. అబద్ధం. రెండేళ్లుగా నీళ్లలో సన్న బుడగలు నా కంటికి ఆనడం లేదు. ఉజ్జాయింపుగా అతికిస్తున్నాను. గాలి పోయిందని మనుషులు తిరిగొస్తే, మీ టైరే పాతదని కసిరాను. వాళ్లు వీధి దాటారు. నా మాట నమ్మి నువ్వూ దాన్ని తిట్టావు. అక్షరాలు ఇంత లావుగా రాస్తున్నారేమని అడిగావే, అదీ ఇందుకే.

ట్యూబు ముంచాను. ఏమీ కనబడలేదు. కనబడినట్టే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, అతుకు వేసి నొక్కాను. చిల్లుకు బెత్తెడు దూరంలో వేశానట. అది వంగి చూసింది. తిట్లు ఆగిపోయాయి. అప్పుడు వేసింది నాకు భయం.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"ఏది?"

"నా దగ్గర నాటకాలొద్దు. నీ అతుకులు పీకి మళ్లీ వేసేది నేనే. నా మీద కోపంతో పని పాడుచేస్తున్నావనుకున్నా. కళ్లు కనబడకపోతే చెప్పడానికి నోరు లేదా?"

నా నీళ్ల తొట్టి ఎత్తి, నీళ్లన్నీ నా కాళ్ల మీదే గుమ్మరించి, తొట్టి చంకన పెట్టుకుంది.

"ఇవాళ్టి నుంచి ట్యూబు ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. ట్యూబులు నావి. రిమ్ముల బెండు తీయడం నీది. ఊచలు మీటి బిగువు చూడ్డానికి వేళ్లూ చెవులూ చాలు."

నాలుగు రోజులైంది. పొద్దున్నే చక్రాలు తెచ్చి నా ముందు పడేస్తుంది. సాయంత్రం తిప్పి చూసి, "ఇది చక్రమా, గుమ్మడికాయా?" అంటుంది. గురువారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట. పోలీస్ స్టేషన్‌కు ఈడ్చుకెళ్తానన్నట్టే చెప్పింది.

నీ పంతం నెగ్గింది, వెంటనే బయలుదేరి రా అని రాయాలి నేను. కానీ ఒక్క వారం ఆగవే. నువ్వు వస్తే అది నీతో కబుర్లలో పడి నన్ను తిట్టడం మానేస్తుంది. మూడేళ్ల తిట్లున్నాయి దాని దగ్గర. ఇంకా మొదటి ఏడాదిలోనే ఉన్నాం.

ఇట్లు,
అమ్మాయి నాన్న