స్థానికులకే మొదటి గది

కోట, వరంగల్

గౌరవనీయులైన వదినగారికి,

ప్రభువు నామమున వందనాలు.

ఒకే వీధిలో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. కోట వ్యాపారుల పర్యావరణ సమితికి నన్ను కార్యదర్శిని చేశారు. ఉద్యోగమంతా ఆఫీసులోనే గడిపినవాణ్ని, నోటిమాటకు విలువ ఉండదని నాకు తెలుసు. ఇకపై సమితి సంగతి ఏదైనా రాతలోనే. ఉత్తరాలు మీ తోడికోడలు ఏంజెల్ తెస్తుంది.

పర్యాటకులు పొద్దున వచ్చి, రాతి తోరణాల దగ్గర ఫొటోలు దిగి, నిద్రకు హనుమకొండ పోతున్నారు. ఇలాగైతే అన్నయ్య కట్టిన ఎబెనెజరు లాడ్జికి తాళం వేయక తప్పదని మొన్న చర్చిలో మీరే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడొక దారి దొరికింది. హైదరాబాదు నుంచి టూరిజం శాఖ బృందం ఒకటి మన వీధిని చూడటానికి వస్తోంది. నీళ్లూ కరెంటూ పొదుపుగా వాడుతున్నామని, చెత్త పెంచడం లేదని వాళ్లకు నమ్మకం కుదిరితే టూరిస్టు బస్సులు రాత్రికి ఇక్కడే ఆగుతాయి.

కాబట్టి మీ లాడ్జిలో ప్రతి వస్తువు వాడకాన్నీ సగానికి తగ్గించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ మరిది మరియు సమితి కార్యదర్శి,
శామ్యూల్

తా.క.: జవాబు కూడా సగం కాగితం మీదే రాయగలరు.

---

ఎబెనెజరు లాడ్జి

మరిది శామ్యూల్‌కు వదిన విమల దీవెనలు.

సగం కాగితమే వాడుతున్నాను, అక్షరాలు చిన్నగా ఉంటే ఏమనుకోకు.

నువ్వు చెప్పినట్టే అన్నీ సగం చేశాను. బకెట్లకు నడుము దగ్గర ఎర్ర గీత గీయించి, అంతవరకే నీళ్లు పట్టుకోవాలని చెప్పాను. దుప్పట్లు నడిమికి చించి రెండేసి చేశాను. పరకాల నుంచి పెళ్లికి వచ్చిన ఒక పొడుగు మనిషి రాత్రంతా కాళ్లు కప్పుకోవాలో మెడ కప్పుకోవాలో తేల్చుకోలేకపోయాడట. పోయేటప్పుడు నెమ్మదిగా, "అమ్మా, కిరాయి గూడ సగమేనా?" అని అడిగాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కిరాయి వస్తువు కాదు కదా అని పూర్తిగానే తీసుకున్నాను. ఆయన ముఖం చూస్తే మళ్లీ వచ్చేలా లేడు.

ఇలాగే నడిపిస్తే లాడ్జి తొందరగానే సగమవుతుందని నా భయం.

నీ మేలు కోరే,
వదిన

తా.క.: ఆకుపచ్చ సబ్బులను దారంతో కోసి, చిన్న పళ్లెంలో పేర్చి పెట్టాను. ఆ పొడుగాయన మిఠాయి అనుకున్నాడు. నోట్లోంచి మాటకు బదులు నురగ వచ్చింది. పక్క గది పిల్లలు అంత సంతోషంగా ఉండటం ఈ మధ్య నేను చూడలేదు.

---

గౌరవనీయులైన వదినగారికి వందనాలు.

మీ ఉత్తరం సమితిలో చదివి వినిపించలేకపోయాను. తగ్గించమన్నది వృథాను. దుప్పట్లు వెంటనే కుట్టించండి. సబ్బు సంగతి బయటకు పొక్కనివ్వకండి.

ఇప్పుడు రెండో సూచన. పర్యాటకం వల్ల కలిగే మేలు ఈ ఊరివాళ్లకే దక్కాలని బృందం కోరిక. అందుచేత మీ లాడ్జిలో బయటివారికంటే స్థానికులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే మాట ఇది. అందుకే వివరించడం లేదు.

ఇట్లు,
శామ్యూల్

తా.క.: ఏంజెల్‌ను ఎక్కువసేపు కూర్చోబెట్టుకోకండి. మీ దగ్గరికి వచ్చిన రోజు నాకు అన్నం ఆలస్యమవుతోంది. పైగా మా ఇంట్లో ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతోందో రాసిపెట్టే పని ఆమెకే అప్పగించాను. శ్రద్ధ చూపడం లేదు.

---

మరిది శామ్యూల్‌కు,

దీవెనలు. ఈసారి నీ మాట తు.చ. తప్పలేదు.

'స్థానికులకే మొదటి గది' అని గుమ్మం మీద బోర్డు పెట్టానో లేదో, కోట ముందు మక్కకంకులు కాల్చి అమ్మే కట్టమ్మ మూటతో వచ్చింది. "అక్కా, నేను ఈన్నే పుట్టిన, ఈన్నే పెరిగిన. నాకంటె లోకల్ ఎవరున్నరు?" అంది. మొదటి గది తాళం చేతిలో పెట్టాను. ఆమె వెనకాలే జంపఖానాలు నేసే పర్శరాములు పెళ్లాం పిల్లలతో దిగాడు. చీకటి పడకముందే గదులన్నీ నిండాయి. అందరూ ఈ వీధివాళ్లే. ఒకరి గదిలోకి ఒకరు తొంగి చూసుకుంటూ, పెళ్లి విడిదిలాగా ఉంది.

అంతలో ఒక కారు నిండా పర్యాటకులు వచ్చారు. గదులు లేవని రోడ్డు మీద ఎలా వదిలేయను? పర్శరాములు ఇల్లు ఖాళీయే కదా అని అక్కడికి పంపాను. మగ్గం పక్కన జంపఖానా పరుచుకుని పడుకున్నారు. పొద్దున పర్శరాములు పనికని ఇంటికి వెళ్తే, వాళ్లు అతని నేత చూస్తూ కదల్లేదట. "వాళ్లు పోతలేరక్కా. మంచిగున్నది, ఇంక ఉంటమంటాండ్లు. మరి నేను గూడ ఈన్నే ఉంట" అని తిరిగి వచ్చేశాడు.

వాళ్లు ఇచ్చే కిరాయిలో సగం నాకు ఇస్తానన్నాడు. న్యాయంగానే తోచింది.

వదిన

తా.క.: ఏంజెల్ కూడా స్థానికురాలే కదా అని అడిగింది. బంధువులకు కుదరదని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నాలుగో గది ఇచ్చాను. సూట్‌కేసు తెచ్చుకుంది. ఎన్నాళ్లుంటావమ్మా అంటే, "ఫ్యాను తిరిగినన్ని గంటలు" అంది.

---

వదినగారికి,

ప్రాధాన్యం పనుల్లో. గదుల్లో కాదు. ఊరివాళ్లకు పనివ్వమని నేనంటే, మీరు పడకలిచ్చారు.

బృందం శుక్రవారం వస్తోంది. ఈలోగా గదులు ఖాళీ చేయించండి. ముఖ్యంగా నాలుగో గది. అలిగి వచ్చేంత మాట నేనేమీ అనలేదని ఏంజెల్‌కు చెప్పండి. అన్నానని ఆమె అంటే, ఏమన్నానో కనుక్కొని రాయండి.

ఉత్తరం తెచ్చేవాళ్లు లేక నేనే మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

శామ్యూల్

తా.క.: వంటింట్లో డబ్బాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఉప్పు ఎందులో ఉందో అడిగి రాయగలరు. రుచి చూసి కనిపెట్టడం రెండో డబ్బాతోనే మానేశాను.

---

మరిది శామ్యూల్‌కు దీవెనలు.

ఖాళీ చేయమని అందరికీ చెప్పాను. కట్టమ్మ నీ మొదటి ఉత్తరం నన్నడిగి తీసుకుని పిల్లలతో చదివించుకుంది. "రాతల ఉన్నదానికే విలువ అని మీ మరిదే అన్నడట గదా" అని దుప్పటి కప్పుకుని పడుకుంది. ఇప్పుడది పూర్తి దుప్పటి.

ఇవాళ మధ్యాహ్నం ఇంకో ముగ్గురు వచ్చారు. మహిత అని ఒక మేడం, ఆమె వెంట ఇద్దరు మగవాళ్లు. మర్యాదస్తులే కానీ, చూసిందల్లా రాసుకుంటున్నారు. పత్రికలవాళ్లేమో. గదులు ఉన్నాయా అంటే, మీరు స్థానికులా అని అడిగాను. కాదన్నారు. ఏంజెల్ లేక నీ ఇల్లు బోసిపోయి ఉందని గుర్తొచ్చి ఆటో ఎక్కించి నీ దగ్గరికి పంపాను. ఈ ఉత్తరం వాళ్ల చేతికే ఇస్తున్నాను. బాగా చూసుకో.

వదిన

తా.క.: ఏంజెల్‌ను అడిగాను. ఉప్పు హార్లిక్స్ సీసాలో ఉంటుందట. హార్లిక్స్ ఎందులో ఉందో మాత్రం చెప్పనంది.

---

వదినగారికి,

వాళ్లు పత్రికలవాళ్లు కాదు. వాళ్లే బృందం. చెప్పిన రోజుకంటే ముందే వచ్చి చూడటం వాళ్ల పద్ధతట.

మోటారు స్విచ్ ఎక్కడుందో తెలియక పక్కింటి బావిలో నీళ్లు తోడి ఇచ్చాను. కంచాలు కనబడక పెరట్లో అరటాకులు కోశాను. నాకు వచ్చిన వంట ఒక్క పచ్చిపులుసే, దానికి పొయ్యి వెలిగించే పని లేదు. అన్నం పక్కింటివాళ్లు పెట్టారు. ఏసీ రిమోటు ఏంజెల్ బీరువాలో పెట్టి తాళం వేసుకుపోయింది కాబట్టి అందరం డాబా మీద జంపఖానా పరుచుకుని పడుకున్నాం. సిగ్గుతో నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున మహిత మేడం నా చేయి పట్టుకుని, "సార్, ఇంత తక్కువతోటి బతికే ఇల్లు మేం యాడ చూడలే. మీరు చెప్పేదే చేస్తున్నరు" అంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆమె అది రాసేసుకుంది.

తర్వాత పర్శరాములు ఇంటికి వెళ్లి, అక్కడి పర్యాటకులను చూసి మురిసిపోయారు. బస్సులు ఇక్కడే ఆగుతాయి. వచ్చినవాళ్లు కోటలోని ఇళ్లలో పడుకుంటారు. ఇళ్లవాళ్లు మీ లాడ్జిలో పడుకుంటారు. వచ్చిన కిరాయి ఇద్దరూ పంచుకోవచ్చు. మీ లాడ్జికి తాళం పడదు, వదినా.

నా ఇంటిని మాదిరి గృహంగా ఎంపిక చేశారు. ఇల్లు ఇప్పుడు ఎలా నడుస్తోందో ఏ మార్పూ లేకుండా అలాగే నడపాలన్నది షరతు. సంతోషంలో సంతకం పెట్టాను. ఇప్పుడు నడుస్తున్నది ఏంజెల్ లేకుండానే అని వాళ్ల బండి మలుపు తిరిగాక అర్థమైంది.

ఏది ఎక్కడుందో తెలియకపోవడం మొదట్లో వంటింటి సంగతే అనుకున్నాను. ఆమె లేకపోతే ఇంట్లో నేనెక్కడున్నానో కూడా తెలియడం లేదు.

శామ్యూల్

తా.క.: ఈ ఉత్తరం దయచేసి ఏంజెల్‌కు చూపించకండి.

---

మరిది శామ్యూల్‌కు వదిన దీవెనలు.

కళ్లజోడు దొరక్క నీ ఉత్తరం ఏంజెల్‌తోనే చదివించుకున్నాను. చూపించవద్దన్న మాట అన్నిటికంటే కింద రాశావు, అప్పటికి అంతా అయిపోయింది. ఇకమీద అలాంటివి పైనే రాయి.

లాడ్జి నిండింది. ఒక్క పర్యాటకుడూ లేడు. మీ అన్నయ్య ఉంటే ఎంత నవ్వేవాడో.

బావి నీళ్ల దగ్గర ఏంజెల్ నవ్వింది, డాబా దగ్గర ఇంకా నవ్వింది. ఇంట్లో నువ్వెక్కడున్నావో తెలియడం లేదన్న మాట నేనడగకుండానే రెండోసారి చదివింది. మరి షరతు ఎట్లా అని నేనడిగాను.

"ఇల్లు నడిపే తీరు మారొద్దని ఉన్నది గని, నేను రావొద్దని లేదు గద అక్కా" అంది. "ఇంటామె లెక్క పోతనే గద తప్పు. టూరిస్టు లెక్క పోత."

సాయంత్రం వస్తుంది. గుమ్మం దగ్గర ఎదురెళ్లి సూట్‌కేసు అందుకో. నీళ్లు నువ్వే తోడాలి, వంట నువ్వే చేయాలి. సమితి నియమాలు నేను నీకు చెప్పేదేముంది.

వదిన విమల

తా.క.: ఇది ఏంజెల్ రాస్తున్నాను. ప్రస్తుతానికి రెండు రోజులకే వస్తున్నాను. మర్యాదలు నచ్చితే ఉండిపోతాను.