గుళ్లు లేని పులిహోర

శనివారం రాత్రి

రేపు సాయంత్రం గోదావరి గట్టు మీది పార్కులో పిక్నిక్ అంటోంది సుధ. వేసవిలో ఏసీ గది వదలని నా కూతురికి ఇంత సరదా ఎక్కడిది? ఎవరో అబ్బాయిని నాకు చూపించబోతోందని వారం నుంచీ అనుమానంగానే ఉంది. ఇప్పుడు పెళ్లిచూపులు ఇళ్లలో ఎవరు పెడుతున్నారు? పార్కులో అయితే నచ్చకపోయినా ఎవరి దారిన వాళ్లు పోవచ్చు.

ఉన్నది ఇద్దరమైతే నలుగురికి పులిహోర కలపమంది.

"వేరుశనగ గుళ్లు వెయ్యకమ్మా, నమలలేరు."

"ఎవరే నమలలేనిది?"

"అబ్బా, జీడిపప్పు వెయ్యి, అంతే."

పెళ్లికొడుక్కి పళ్లు లేవా ఏంటి! వాళ్ల నాన్నగారు కూడా వస్తున్నారు కాబోలు అనుకున్నాను.

ఇవాళ సాయంత్రం, రేపు ఏం చీర కట్టుకుంటావే అని అడిగాను.

"నాకు చుడీదార్ చాలు. నువ్వు మాత్రం ఆ నీలం పట్టుచీర కట్టుకో. మల్లెపూలు నేను తెస్తాను."

ఆయన పోయి తొమ్మిదేళ్లు. నాకు మల్లెపూలా?

ఇంతకీ రేపు చూపులు ఎవరికి? ఇందాక తలుపు వేసుకుని నీలం చీర తీసి చూశాను. మడతల దగ్గర ఇంకా చిరగలేదు.